మిగులు ద్రాక్షకు కిణ్వన మార్గం: చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాలలో గృహస్థాయి సిర్కా తయారీ

హైదరాబాదు – బీజాపూర్ రహదారి వెంట గల మొయినాబాద్, చేవెళ్ల మండలాలు నగర విపణిని ఆధారం చేసుకొని కూరగాయలు, పూలు, పండ్లు పండించే ప్రాంతాలు. హైదరాబాదు పరిసరాలలో ద్రాక్ష సాగుకు శతాబ్దానికి మించిన చరిత్ర ఉన్నది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ ఇక్కడ ప్రవేశపెట్టిన అనాబ్-ఎ-షాహి రకం ఈ సాగుకు పునాది వేసింది. రసం అధికంగా గల ఈ రకం ఎక్కువ కాలం నిల్వకు ఆగదు. గుత్తుల నుండి రాలిన, పగిలిన, పరిమాణం తక్కువైన కాయలకు విపణిలో ధర లభించదు. ఈ పండ్లతో ఇంటి వద్ద వైన్ తయారు చేయవచ్చునా అనే ప్రశ్న ఇటువంటి సందర్భంలోనే తలెత్తుతుంది. జీవరసాయన శాస్త్రరీత్యా అది సాధ్యమే. కాని చట్టరీత్యా అనుమతి లేనిదే చేయరాదు. అదే కిణ్వ ప్రక్రియను మరొక దశ ముందుకు నడిపి పండ్ల సిర్కా తయారు చేసే విధానాన్ని, అందలి శాస్త్రీయ కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

చట్టపరమైన పరిధి

గృహస్థాయిలో బీరు, వైన్ తయారీని వివరించే గ్రంథాలలో అధిక భాగం బ్రిటన్, అమెరికా దేశాల నుండి వెలువడినవి. బ్రిటన్ 1963లో గృహ బీరు తయారీపై లైసెన్సు నిబంధనను తొలగించింది. అమెరికా 1978లో చేసిన సమాఖ్య చట్టం స్వంత వినియోగానికి పరిమిత పరిమాణంలో బీరు తయారీని పన్ను నుండి మినహాయించింది. మన దేశంలో మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. తెలంగాణ అన్వయించుకొన్న 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం వైన్, బీరు, కల్లు అన్నియు మద్యం నిర్వచనం కిందికే వస్తాయి. అమ్మకం జరిగినా జరగకపోయినా, లైసెన్సు లేని తయారీయే నేరమవుతుంది. కావున విదేశీ గ్రంథాలలోని పద్ధతులను యథాతథంగా రైతులకు సూచించడం వారిని చిక్కుల పాలు చేయగలదు.

సిర్కా ఆహార పదార్థం. అయితే దాని తయారీలో మధ్యదశ ఆల్కహాలు ద్రావణమే. అందువలన శిక్షణ కార్యక్రమం చేపట్టే ముందే స్థానిక ఎక్సైజ్ అధికారుల నుండి లిఖితపూర్వకమైన స్పష్టత పొందవలెను. విక్రయించదలచినవారు ఆహార భద్రత చట్టం కింద నమోదు లేదా లైసెన్సు పొందుట అవసరం.

మొదటి దశ: చక్కెర నుండి ఆల్కహాలు

శాకరోమైసిస్ సెరవీసియే అనే ఈస్ట్ గాలి అందని స్థితిలో చక్కెరను ఇథనాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. సిద్ధాంతరీత్యా 180 గ్రాముల గ్లూకోజ్ నుండి 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ లభిస్తాయి. ఆచరణలో ఒక్కొక్క బ్రిక్స్ డిగ్రీకి సుమారు 0.55 శాతం ఆల్కహాలు ఏర్పడుతుందని లెక్కించవచ్చు. 16 బ్రిక్స్ గల రసం నుండి దాదాపు 9 శాతం ఆల్కహాలు వస్తుంది. సిర్కాకు ఇంత గాఢత అవసరం లేదు. ఆల్కహాలు ఎక్కువైన కొలదీ ఎసిటిక్ బ్యాక్టీరియా చర్య మందగిస్తుంది. కనుక రసాన్ని 12 బ్రిక్స్‌కు పలుచన చేయవలెను. ఇందుకు 16 బ్రిక్స్ గల 10 లీటర్ల రసానికి సుమారు 3.3 లీటర్ల కాచి చల్లార్చిన నీరు చాలును.

బూజు పట్టిన, కుళ్లిన కాయలను ఏరివేసి, కడిగి, రసం తీయాలి. పలుచన చేసిన 10 లీటర్ల రసానికి ఒక గ్రాము పొటాషియం మెటాబైసల్ఫైట్ కలిపినచో సుమారు 50 పీపీఎం సల్ఫర్ డయాక్సైడ్ లభించి అవాంఛిత సూక్ష్మజీవులను అణచివేస్తుంది. ఈ మోతాదును మించరాదు. మించినచో రెండవ దశలో ఎసిటిక్ బ్యాక్టీరియా కూడ దెబ్బతింటుంది. 24 గంటల తరువాత, గోరువెచ్చని నీటిలో నానబెట్టిన రెండు గ్రాముల పొడి ఈస్ట్‌ను చేర్చాలి.

12 బ్రిక్స్ గల 10 లీటర్ల రసం పూర్తిగా కిణ్వనం చెందేసరికి 300 లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పాత్రకు గట్టిగా బిగించిన మూత పెట్టినచో అది పగిలిపోగలదు. పాత్రలో నాలుగవ వంతు ఖాళీ ఉంచి, వాయువు బయటికి పోవుటకు, గాలి లోనికి రాకుండుటకు నీటి బంధం గల మూత అమర్చాలి. గాజు, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఆహార ప్రమాణం గల ప్లాస్టిక్ పాత్రలనే వాడాలి. ఇత్తడి, రాగి, అల్యూమినియం, ఇనుము ఆమ్లానికి కరుగుతాయి.

వేసవి ఉష్ణోగ్రత సమస్య

ఈ ప్రాంతంలో ద్రాక్షకు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో మరొకసారి కత్తిరింపులు చేసి, ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు ఒకే కోత తీసుకుంటారు. అనగా పండు చేతికి వచ్చే కాలం, ఎండలు ముదిరే కాలం ఒకటే. కిణ్వ ప్రక్రియ తనంతట తాను వేడిని విడుదల చేస్తుంది. 35 డిగ్రీల సెల్సియస్ దాటిన కొలదీ ఈస్ట్ బలహీనపడి, చక్కెర మిగిలి ఉండగానే కిణ్వనం నిలిచిపోయే ప్రమాదం ఉన్నది. పాత్రకు తడి గోనెసంచి చుట్టి, నీడలో గాలి ఆడేచోట ఉంచినచో పొడి వాతావరణంలో బాష్పీభవనం వలన చల్లదనం కలుగుతుంది. ఈస్ట్‌ను సాయంకాలం చేర్చుట మేలు.

కిణ్వనం ముగింపును హైడ్రోమీటర్‌తో నిర్ధారించాలి. ఆల్కహాలు ఉన్న ద్రావణంలో రిఫ్రాక్టోమీటర్ వాస్తవం కంటే ఎక్కువ బ్రిక్స్ చూపుతుంది. హైడ్రోమీటర్ రీడింగు సున్నాకు చేరి, రెండు మూడు రోజులు మారకుండా ఉన్నచో మొదటి దశ పూర్తయినట్లే.

రెండవ దశ: ఆల్కహాలు నుండి ఆమ్లం

ఎసిటోబాక్టర్ వర్గపు బ్యాక్టీరియా ఆక్సిజన్ సహాయంతో ఇథనాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. మొదటి దశకు గాలి కూడదు, రెండవ దశకు గాలి తప్పనిసరి. గృహస్థాయిలో సిర్కా విఫలమగుటకు ముఖ్య కారణం ఈ రెండు దశలను ఒకేసారి జరగనివ్వడమే. మొదటి దశ ముగియక ముందే గాలి సోకినచో ఎసిటిక్ ఆమ్లం ఏర్పడి ఈస్ట్‌ను అణచివేస్తుంది. చక్కెర మిగిలిపోతుంది, సిర్కా బలహీనమవుతుంది, తరువాత బూజు పడుతుంది.

కిణ్వనం ముగిసిన వెంటనే, అడుగున చేరిన మడ్డి కదలకుండా ద్రావణాన్ని వేరుచేసి, దాని పరిమాణంలో మూడవ వంతు వేడిచేయని పాత సిర్కా కలపాలి. ఇది బ్యాక్టీరియాను అందించుటే గాక తొలినుండే ఆమ్లతను పెంచి ఇతర సూక్ష్మజీవులను నిరోధిస్తుంది. వెడల్పు మూతి గల పాత్రలో లోతు తక్కువగా పోసి, దోమలు, పండ్ల ఈగలు చొరబడకుండా పలుచని వస్త్రం కట్టి, 28–32 డిగ్రీల వద్ద మూడు నుండి ఎనిమిది వారాలు ఉంచాలి. పైన ఏర్పడే పొరను కదిలించరాదు. ఆల్కహాలు మధ్యదశను నిల్వ చేయుట గాని, పంచుట గాని కూడదు.

ఆమ్లత నిర్ధారణ

దేశీయ ఆహార ప్రమాణాల ప్రకారం కిణ్వన సిర్కాలో 100 మి.లీ.కు కనీసం 3.75 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం ఉండాలి. 10 మి.లీ. నమూనాకు ఫినాల్ఫ్తలీన్ చేర్చి, 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేయాలి. ఖర్చయిన మి.లీ.ను 0.6తో గుణించినచో ఆమ్ల శాతం లభిస్తుంది. 6.25 మి.లీ. కంటే తక్కువ ఖర్చయినచో ప్రమాణం అందలేదని గ్రహించాలి.

ఆల్కహాలు అయిపోయిన తరువాత కూడ గాలి తగిలితే అదే బ్యాక్టీరియా ఎసిటిక్ ఆమ్లాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మార్చివేస్తుంది. తయారైన సిర్కా కొన్నాళ్లకు చప్పబడుటకు ఇదే కారణం. కావున 60–65 డిగ్రీల వద్ద అరగంట వేడిచేసి, సీసాలను అంచు వరకు నింపి, మూత బిగించాలి.

పిప్పి, మడ్డి నిర్వహణ

మొయినాబాద్, చేవెళ్ల మండలాలలోని పలు గ్రామాలు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలోనివి. ఇక్కడ కాలుష్య పరిశ్రమలను నియంత్రిస్తూ 1996లో 111వ ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 2022 నాటి 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను సడలించినప్పటికీ నీటి నాణ్యతను కాపాడవలసిన అవసరం తొలగిపోలేదు. పండ్ల పిప్పి, ఈస్ట్ మడ్డి, కడిగిన నీరు వాగులలో చేరినచో వాటిలోని సేంద్రియ పదార్థం కుళ్లి నీటిలోని ఆక్సిజన్‌ను హరిస్తుంది. పిప్పిని ఎండుటాకులు, పశువుల పేడతో కలిపి కంపోస్టు చేయుట సులభ మార్గం.

ముగింపు

ఈ పద్ధతి వలన ద్రాక్ష ధర పెరగదు. వృథాగా పోయే భాగానికి మాత్రమే విలువ సమకూరుతుంది. కావున విస్తరణ శాస్త్రవేత్తలు మొదట 10 లీటర్ల ప్రదర్శనతో ఆరంభించి, చట్టపరమైన స్పష్టత, దశల విభజన, ఆమ్లత పరీక్ష అనే మూడు అంశాలను రైతుల చేత స్వయంగా ఆచరింపజేయుట మంచిది. ఆమ్లత పరీక్షలో నెగ్గిన తరువాతనే పరిమాణం పెంచమని సలహా ఇవ్వాలి.