రెండు తీగల మాట

వేలూరు బస్సు నిలయంలో గుడియాత్తం వెళ్లే బస్సు సిద్ధంగా ఉంది. డ్రైవరు తాళం తిప్పగానే ఎదుటి పలకపై దీపాలు వెలిగి ఆరిపోతాయి. ఇంజను వేగాన్ని ఒక ముల్లు చూపుతుంది, నీటి వేడిని మరొక ముల్లు చూపుతుంది. ఇంజను దగ్గరి సమాచారం డ్రైవరు కళ్ల ముందుకు ఎలా వస్తున్నది?

పూర్వం వాహనాలలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క తీగ ఉండేది. ఎలక్ట్రానిక్ పరికరాలు పెరిగిన కొద్దీ తీగల కట్టలు లావెక్కాయి. ఎక్కడైనా ఒక తీగ తెగితే దానిని వెదకడం కష్టమయ్యేది. జర్మనీలోని బాష్ సంస్థ ఇంజనీర్లు 1983లో ఈ సమస్యపై పని ప్రారంభించారు. 1986లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో తమ కొత్త పద్ధతిని ప్రకటించారు. దాని పేరు కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్. దీనిని క్లుప్తంగా ‘క్యాన్ బస్’ అంటారు. ఇక్కడ బస్ అంటే ప్రయాణికుల వాహనం కాదు. సమాచారం నడిచే ఉమ్మడి దారి. 1993లో ఇది అంతర్జాతీయ ప్రమాణంగా రూపొందింది.

ఈ దారిలో ఉండేవి రెండు తీగలే. చేనేత లుంగీలకు పేరుపొందిన గుడియాత్తంలో నూలుపోగులకు పురి పెట్టినట్లు, ఈ రెండు తీగలను ఒకదానితో ఒకటి మెలివేస్తారు. ఒకటి ‘హై’, రెండవది ‘లో’. తీగలు మౌనంగా ఉన్నప్పుడు రెండింటిలోనూ సుమారు 2.5 వోల్టులు ఉంటాయి. సున్నాను పంపేటప్పుడు ‘హై’ 3.5 వోల్టులకు పెరుగుతుంది, ‘లో’ 1.5 వోల్టులకు తగ్గుతుంది. పరికరాలు గమనించేది ఈ తేడానే. బయటి విద్యుత్ అలజడి రెండు తీగలకూ దాదాపు సమానంగా తగులుతుంది కనుక తేడా చెక్కుచెదరదు.

అందరికీ ఒకే దారి అయినప్పుడు ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఏమవుతుంది? ప్రతి సందేశానికి ముందు ఒక సంఖ్య ఉంటుంది. సంఖ్య చిన్నదైతే సందేశం ముఖ్యమైనదని అర్థం. పెద్ద సంఖ్య పంపుతున్న పరికరం వెంటనే ఆగి, రెండవదానికి దారి ఇస్తుంది. అందువల్ల బ్రేకు వంటి అత్యవసర విషయాలకు చిన్న సంఖ్యలు కేటాయిస్తారు. ఇక్కడ యజమాని లేడు, నియమమే యజమాని.

వాహనంలో లోపం కనిపెట్టాలంటే ఈ సంభాషణను వినాలి. సాధారణ కంప్యూటరుకు ఈ భాష రాదు. దుభాషి వలె పనిచేసే క్యాన్ కార్డును దానిలో అమర్చాలి.

ముందుగా కంప్యూటరును ఆపి, విద్యుత్ తీగను ఊడదీయాలి. మన శరీరంలో చేరిన స్థిర విద్యుత్తు కార్డును పాడుచేయగలదు. కాబట్టి పెట్టె లోహభాగాన్ని ఒకసారి తాకాలి. తర్వాత మూత తీసి, కార్డును అంచులు పట్టుకొని, తగిన స్లాటులో నిటారుగా నొక్కి, మర బిగించాలి. మూత పెట్టి కంప్యూటరును తిరిగి నడిపించి, కార్డుతో వచ్చిన డ్రైవరు ప్రోగ్రామును ఎక్కించాలి.

ఇక తీగలను కలపాలి. చాలా కార్డులకు తొమ్మిది సూదుల కనెక్టరు ఉంటుంది. సాధారణంగా 2వ సూది ‘లో’, 7వ సూది ‘హై’. అయినా కార్డుతో ఇచ్చిన పుస్తకం చూసి నిర్ధారించుకోవాలి. దారి రెండు చివరలా 120 ఓముల నిరోధకం ఒక్కొక్కటి ఉండాలి. లేకపోతే సంకేతం చివర తాకి, ప్రతిధ్వని వలె వెనుకకు వచ్చి, తర్వాతి సంకేతాన్ని చెరుపుతుంది. విద్యుత్తు ఆపి రెండు తీగల మధ్య మీటరు పెడితే సుమారు 60 ఓములు చూపాలి. 120 చూపితే ఒక నిరోధకం లేదని, 40 చూపితే ఒకటి ఎక్కువైందని గ్రహించాలి.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది వేగం. ఒకే దారిలోని పరికరాలన్నీ ఒకే వేగంతో మాట్లాడాలి. బస్సులు, లారీలలో ఇది తరచు సెకనుకు 2,50,000 లేదా 5,00,000 బిట్లు ఉంటుంది. కార్డుకు తప్పుడు వేగం పెడితే అది సరైన సందేశాలను కూడా తప్పని భావించి ‘తప్పు, తప్పు’ అని సంకేతం పంపుతుంది. అప్పుడు ఇతర పరికరాల సందేశాలు చెడిపోతాయి. రోడ్డుపై నడిచే వాహనంలో ఇది ప్రమాదకరం. అందుకే అనుభవజ్ఞులు వాహనాన్ని నిలిపి ఉంచి, కార్డును ముందుగా ‘వినడం మాత్రమే’ అనే పద్ధతిలో పెడతారు. వచ్చే సందేశాలు స్పష్టంగా కనిపించిన తర్వాతనే, అవసరమైతే మాట్లాడనిస్తారు.

బస్సు గుడియాత్తం చేరుతుంది. ప్రయాణికులు తమ సంచులు తీసుకొని దిగిపోతారు. దారి పొడవునా రెండు తీగలు ఎన్ని వేల మాటలు మోశాయో వారికి తెలియదు. మరమ్మతు చేసేవారికి మాత్రం అది తెలియాలి. కొత్తవారు ముందుగా వినాలి, ఆ తర్వాతనే మాట్లాడాలి. ఆ రెండు తీగల దగ్గర ఇది మర్యాద మాత్రమే కాదు, ప్రయాణికుల ప్రాణరక్షణ కూడా.