బర్రెకు బీమా ఉంది.. మరి మీకు?

పాడి ఉన్న ఇంట్లో ఇల్లాలికి తెల్లవారుజామునే తెల్లారుతుంది. కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, దాణా కలిపి, పాలు పితికి పంపేసరికి ఊరింకా ముసుగుతన్ని నిద్రపోతుంటుంది. గడ్డిఅన్నారం 2007లో మహానగరంలో కలిసింది. చుట్టూ మేడలు లేచాయి. అయినా హైదరాబాద్‌కీ బర్రెలకీ ఉన్న బంధం తెగలేదు. దీపావళి వెళ్లగానే సదర్ పండక్కి ముస్తాబు చేసిన దున్నపోతుల్ని చూడ్డానికి నారాయణగూడలో జనం విరగబడతారు. ఇక ఆ పక్క మూసీ వెంట పెంచిన పచ్చగడ్డి దశాబ్దాలుగా నగరంలోని పాడి పశువుల కడుపు నింపింది.

ఈ పాడి వెనకున్న చాకిరీలో సింహభాగం ఆడవాళ్లదే. 'జాగ్రత్తమ్మా' అంటే మాత్రం 'మా బర్రె నన్నేమీ అనదు' అనేస్తారు. చిక్కంతా అక్కడే! పరాయి పశువు దగ్గర మనం ఎలాగూ జాగ్రత్తగానే ఉంటాం. దెబ్బ తగిలేది అలవాటైన దాని దగ్గరే.

ఎందుకు తంతుంది?

పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుకే చుట్టూ చాలామేర కనబడుతుంది, సరిగ్గా తోక వెనకాల తప్ప. అటునుంచి చప్పుడు చేయకుండా వెళితే అది బెదురుతుంది. పొదుగువాపు ఉన్నా, చన్ను పగిలినా, జోరీగలు ముసిరినా కాలు విసురుతుంది. తొలిచూలు బర్రె, అప్పుడే ఈనిన బర్రె మరీ ప్రమాదం. దూడను ముట్టుకుంటే తల్లి ఊరుకోదు. కాబట్టి..

* పేరుపెట్టి పిలుస్తూ, పక్కనుంచి భుజం వైపుగా దగ్గరికి వెళ్లండి. రోజూ పితికే పక్కనే కూర్చోండి.

* పలుపు తాడును చేతికి చుట్టుకోవద్దు. అది ఒక్క ఉదుటున లాగితే వేళ్లు నలిగిపోతాయి, మనిషినే ఈడ్చుకుపోతుంది.

* గోడకూ పశువుకూ మధ్య ఇరుక్కోకండి. తప్పుకోవడానికి దారి ఉండాలి.

* చీర కొంగు దోపుకోండి. గడ్డి కోసే యంత్రం దగ్గర ఇది మరీ ముఖ్యం.

* దున్నపోతుకు, ఆంబోతుకు ఎంత మచ్చికైనా వీపు చూపించొద్దు.

కంటికి కనబడని దెబ్బ

తన్ను తగిలితే నలుగురూ చూస్తారు. చూడలేనిది మరొకటుంది. బర్రె ఈనేటప్పుడు దూడను లాగడం, మాయ తీయడం మన ఇళ్లలో ఉత్త చేతులతోనే చేస్తారు. పశువు ఈసుకుపోతే, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోతే, దాన్నీ అలాగే ఎత్తి పారేస్తారు. అలా ఈసుకుపోవడానికి బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి కారణం కావచ్చు. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు దీన్ని కనుక్కున్నాడు. చేతి మీద చిన్న గీత చాలు, అది మనిషి ఒంట్లోకి పోవడానికి. పచ్చిపాలతోనూ వస్తుంది.

వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్లు చెమట, కీళ్లనొప్పి, నీరసం.. ఇవీ లక్షణాలు. వారాలు, నెలల తర్వాత కూడా బయటపడొచ్చు. కొందరిలో గర్భస్రావమూ జరుగుతుంది. మలేరియా అనో, కీళ్లవాతం అనో మందులు మింగుతూ పోతే తగ్గదు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు 'మా ఇంట్లో బర్రెలున్నాయండీ, నేనే పురుడు పోశాను' అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో సరైన రక్తపరీక్ష జరుగుతుంది. జబ్బు బయటపడితే కనీసం ఆరు వారాలు, మధ్యలో మానకుండా మందులు వాడాలి.

ఈనే పశువు దగ్గరికి రబ్బరు తొడుగులు లేకుండా వెళ్లొద్దు. గర్భిణులు అసలు వెళ్లొద్దు. పడిపోయిన దూడను, మాయను సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. పాలు కాచే తాగాలి. 2019లో మొదలైన జాతీయ పథకం కింద 4 నుంచి 8 నెలల వయసు పెయ్య దూడలకు ఈ టీకా వేస్తున్నారు. జన్మకు ఒక్కసారి వేయిస్తే చాలు.

మరొక్క మాట. పశువు చొంగ కారుస్తూ, మింగలేక అవస్థ పడుతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టకండి. పిచ్చికుక్క కరిచిన పశువూ అలాగే చేస్తుంది. ముందు పశువైద్యుణ్ణి పిలవండి. చొంగ పుండుకు తగిలితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి.

మీ పేరునా ఒకటి

బ్యాంకు అప్పుతో కొన్న బర్రెకు బీమా చేయిస్తారు, చెవికి పోగు వేస్తారు. దాని పాలు పితికే మనిషి పేరున ఏముంది? ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏడాదికి 20 రూపాయలే. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల లోపు వయసైతే చాలు. ప్రమాదంలో మరణించినా, పూర్తిగా వికలాంగులైనా 2 లక్షలు ఇస్తారు.

లీటరు పాల ధర కూడా కాదది. ఈసారి పాల డబ్బులు చేతికి రాగానే మొదటి ఖర్చు అదే కానివ్వండి. రెండోది, ఓ జత రబ్బరు తొడుగులు.