స్కూటర్ ప్లాస్టిక్ పగిలిందా?

స్టాండు జారి స్కూటర్ పక్కకి ఒరిగితే చాలు, ప్లాస్టిక్ ప్యానెల్ పుటుక్కుమంటుంది. కొత్తది కొనేముందు దాన్ని విప్పి లోపలివైపు చూడండి. 'ఏబీఎస్' అనే ఇంగ్లీషు అక్షరాలుంటే ఇంట్లోనే అతికించుకోవచ్చు. 'పీపీ' అని ఉంటే మామూలు జిగురు పట్టదు. ప్లాస్టిక్ వెల్డింగ్ చేసేవాళ్ళకి ఇవ్వండి.

ముందు సబ్బునీళ్ళతో జిడ్డు వదిలేలా కడిగి ఆరబెట్టండి. పగులు చివర 2 మిల్లీమీటర్ల బెజ్జం వేయిస్తే చీలిక ఇంకా పాకదు. లోపలివైపు శాండ్‌పేపర్‌తో రుద్ది, సన్నని తీగజాలీ ముక్క పరిచి, అరల్డైట్‌లాంటి ఎపాక్సీ పూయండి. ఒక రోజంతా కదపకండి.

ముక్క ఊడిన చిన్న సందుల్లో వంటసోడా నింపి సూపర్ గ్లూ చుక్కలు వేస్తే క్షణాల్లో రాయిలా గట్టిపడుతుంది. వేడి, ఘాటు వస్తాయి, జాగ్రత్త! కిటికీ తెరిచి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

హెల్మెట్ పగిలితే మాత్రం అతికించొద్దు. పైకి బాగున్నా రెండో దెబ్బకి తలని కాపాడలేదు. అక్కడ పొదుపు పనికిరాదు, కొత్తది కొనాల్సిందే!