బూజు చేయు మేలు

వానకాలమున సిద్దిపేట అంగడికి మక్కలు తెచ్చిన రైతునకు, కుప్పపై బూజు కనబడినంతనే గుండె జాఱును. ఆ భయము నిష్కారణము కాదు. మక్కలు, వేరుసెనగలపై పెరుగు ఆస్పర్జిల్లస్ జాతి బూజులలో నొకటి విషమును పుట్టించునని, 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీకోళ్లు మరణించిన పిదప లోకము తెలిసికొన్నది. అఫ్లటాక్సిన్ అను పేరు ఆ విషమునకే పెట్టబడినది.

అయినను ఆ బూజునకు దాయాదియైన మఱియొక బూజు మనుష్యునకు సేవకుడు. జపానుదేశీయుడగు తకమీనె జోకిచి పండితుడు ఆస్పర్జిల్లస్ ఒరైజే అను బూజును గోధుమ తవుడుపై పెంచి, అందుండి పిండిని చక్కెరగా మార్చు ఎంజైమును తీసి, 1894లో అమెరికాయందు పేటెంటు పొందెను. అది జీర్ణౌషధముగా దేశదేశముల అమ్ముడుపోయినది.

ఈ పద్ధతి దురూహ్యము కాదు. తవుడును తడిపి, ఆవిరిపై ఉడికించి, చల్లార్చి, శుద్ధమైన బూజు విత్తనమును చల్లి, తగిన వెచ్చదనమున కొన్ని దినము లుంచవలెను. పిదప నీటితో ఎంజైమును దింపి వడియగట్టవలెను. మైసూరునందు 1950లో నెలకొన్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఈ మార్గమున విశేషకృషి జరిగినది.

గొల్లభామ చీరలకు పేరొందిన సిద్దిపేట సీమలో నూలుకు గంజి పెట్టుట యెఱుగనివా రెవరు? వస్త్రపు మిల్లులలో ఆ గంజిని బట్టకు హాని లేకుండ కరగించునది ఈ ఎంజైమే. బూజులు పుట్టించు తక్కిన ఎంజైములలో ఒకటి పండ్లరసమును తేర్చును, ఒకటి గడ్డిలోని పీచును కరగించును.

పశువుల నోటి తవుడును లాగుకొనుడని మేము చెప్పుటలేదు. పొలములో తగులబెట్టు గడ్డి, గింజ యొలిచిన మక్కబెండ్లు, పారవేయు పండ్లతొక్కలు కలవు గదా! వానిలో ఏది యే బూజునకు తగునో పరీక్షింపవలెను. ఇది ఇంటి వసారాలో చేయదగిన పని కాదు. విషములేని జాతిని ఎంచుటకు శాస్త్రజ్ఞుడు కావలెను. సరకు తూకముచేత గాక పనిచేయు శక్తిచేత వెల కట్టబడును గావున, ప్రతి విడతకును పరీక్ష యవసరము. అందువలన మిల్లుయజమానులును, రైతుసంఘములును, వ్యవసాయ విశ్వవిద్యాలయమును కలిసి చిన్న ప్రయోగశాల నొకదానిని నెలకొల్పుట యుక్తము.

పూర్వము మన ప్రత్తి చౌకగా సముద్రము దాటి, వస్త్రమై ప్రియముగా తిరిగివచ్చెడిది. ఆ పాఠమును మఱచి, నేడు మన పొలముల సొత్తును మనమే నిప్పుపాలు చేయుట తగునా?