గర్భస్థ శిశు పరీక్షలు: సంఘ కాపరి బాధ్యత

క్రొత్త పరిజ్ఞానం మన ఇళ్లలోనికి ఉపకారంగానే ప్రవేశిస్తుంది. అల్ట్రాసౌండ్ స్కానింగ్ శిశువు ఎదుగుదలను, లోపాలను ముందుగా తెలిపి అనేకమంది తల్లులను కాపాడింది. అదే యంత్రం ఆడశిశువును గుర్తించి తొలగించుటకూ సాధనమైంది. అందుకే 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం చేశారు. 2003లో గర్భధారణకు ముందు జరిగే లింగ ఎంపికను కూడ దాని పరిధిలోనికి తెచ్చారు. అయినను ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది బాలురకు 1991లో 945గా ఉన్న బాలికల సంఖ్య, 2001లో 927కు, 2011లో 920 లోపునకు పడిపోయింది. నేడు తల్లి రక్తపరీక్షతో పదవ వారం నుండే శిశువు లింగం తెలిసిపోతుంది. ఏ పద్ధతిలో తెలిసినా దానిని వెల్లడించుట నేరమే.

నిర్గమకాండము 1వ అధ్యాయంలో మగపిల్లలను చంపమని ఫరో ఆజ్ఞాపించినప్పుడు, షిఫ్రా, పూయా అను మంత్రసానులు దేవునికి భయపడి వారిని బ్రతుకనిచ్చారు. వారి నైపుణ్యం జీవానికే సేవ చేసింది. నేడు ఆజ్ఞ ఇచ్చేది రాజు కాదు. కట్నపు భయం, వంశాభిమానం.

"మగబిడ్డ కొరకు ప్రార్థించండి, అయ్యగారూ" అని మన సంఘాలలోనూ అడుగుతారు. హన్నా కుమారుని అడిగింది నిజమే. కాని కుమార్తెను నిరాకరించలేదు. తరువాత ఆమెకు ఇద్దరు కుమార్తెలూ కలిగారు. కనుక కాపరి బిడ్డ క్షేమం కొరకు ప్రార్థించాలి. ఆడబిడ్డ పుట్టిన ఇంటిలోనూ కృతజ్ఞత కూడిక జరపాలి. కట్నాన్ని గూర్చి ప్రసంగ వేదిక మీద మౌనంగా ఉండరాదు. యంత్రాన్ని చట్టం అదుపు చేయగలదు. కోరికను సరిదిద్దే పని సంఘానిది.