ఆట కూడా చదువే

"మా పిల్లను బడికి పంపేది చదువుకోడానికి. ఆడుకోడానికా?"

చాలామంది తల్లులు ఇలా అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. రెక్కాడితేగాని డొక్కాడని ఇళ్లు. పని మాన్పించి పిల్లను బడికి పంపుతారు. అక్కడ ఆటలంటే బాధే మరి.

ఒకటో తరగతిలో ఆడే ఆటలేమిటి? వాటిలో చదువు ఎక్కడుంది? బాగా నడిచే బడిలో ఒక రోజు చూద్దాం.

పుల్లల లెక్క

పొద్దున పంతులమ్మ చీపురు పుల్లలు పంచుతారు. పిల్లలు పదేసి పుల్లలు లెక్కపెట్టి కట్ట కడతారు. మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు. మొత్తం 34. నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు. మొత్తం 43. అంకెలు అవే. చోటు మారితే విలువ మారింది. చేత్తో పట్టుకుని నేర్చిన లెక్క తొందరగా మరిచిపోరు.

అంగడి ఆట

తరువాత అంగడి పెడతారు. ఖాళీ అగ్గిపెట్టెలు, సబ్బు పెట్టెలు సరుకులు. చింతగింజలు రూపాయలు. సబ్బు ధర 8 గింజలు. కొనే పిల్ల 10 ఇచ్చింది. అమ్మే పిల్లవాడు చిల్లర ఒక్క గింజే ఇచ్చాడు. "ఇంకొకటి ఇయ్యి" అని పిల్ల గట్టిగా అడిగింది. తీసివేత వచ్చింది. మోసపోకుండా అడగడమూ వచ్చింది.

కథ ఆట

అన్నాలు తిన్నాక కథ. పంతులమ్మ పులి కథ చెబుతారు. పిల్లలే పులి, మేక, కాపరి అవుతారు. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల కూడా పులి వేషంలో గాండ్రిస్తుంది. "తరువాత ఏమైంది? నువ్వైతే ఏం చేస్తావు?" అని పంతులమ్మ అడుగుతారు. పిల్లలు ఆలోచించి జవాబు చెబుతారు. చివరికి 'పులి', 'మేక' అని పలక మీద రాస్తారు.

కర్ర గుర్రం

పిల్లలు కర్ర ఎక్కి గుర్రం అంటారు. అది కర్రేనని వాళ్లకు తెలుసు. అయినా దాన్ని గుర్రానికి గుర్తుగా వాడతారు. అక్షరమూ అంతే. పలక మీది గీత ఒక శబ్దానికి గుర్తు. కొత్తగా చదువు నేర్చిన అక్కలకు ఇది బాగా తెలుసు. వేలిముద్ర వేసే చోట నాలుగు గీతలు గీస్తే, అవే తమ పేరైనాయి. కర్రను గుర్రం చేసుకున్న పిల్ల, రేపు గీతను అక్షరం చేసుకుంటుంది.

మీసాల అమ్మ

గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు ఉండేవారు. ఆయన వకీలు పని మానేసి పిల్లల చదువు కోసం పనిచేశారు. 1920లో భావనగర్‌లో చిన్నపిల్లల బడి పెట్టారు. కథలతో, ఆటలతో చదువు చెప్పారు. పిల్లల్ని కొట్టవద్దు, భయపెట్టవద్దు అన్నారు. జనం ఆయన్ని 'మీసాల అమ్మ' అని పిలిచారు. 2009 విద్యాహక్కు చట్టం కూడా బడిలో పిల్లల్ని కొట్టకూడదనే చెబుతోంది.

తల్లులు ఏం చేయాలి?

ఆట పేరుతో పిల్లల్ని గాలికి వదిలేస్తే చదువు రాదు. పంతులమ్మ పక్కనుండి చూడాలి, అడగాలి, తప్పు దిద్దాలి. అలా జరుగుతోందా? తల్లులు బడికి వెళ్లి అడగవచ్చు. అదే చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నలుగురికి ముగ్గురు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి.

చంటివాణ్ణి ఎత్తుకోడానికని పిల్లను బడి మాన్పించవద్దు. ఒక్క రోజు మానినా, ఆ రోజు ఆటతోపాటు లెక్కా పోతుంది, కథా పోతుంది.

ఆలోచించండి

1. మీ పిల్ల ఈ వారం బడిలో ఏ ఆట ఆడింది? అందులో ఏం నేర్చుకుంది?
2. మీ ఊరి బడి కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది?