నగర వృక్షాల చల్లదనం: సెన్సార్లతో కొలిచే విధానం

2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో 46.4 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదయింది. అంతకు ముందు వారం వీచిన వడగాడ్పుల వలన విక్టోరియా రాష్ట్రంలో సాధారణం కంటే 374 మరణాలు అధికంగా సంభవించాయి. ఏళ్ల తరబడి కొనసాగిన కరవుతో అప్పటికే నగర వృక్షాలు క్షీణించి ఉన్నాయి. ఈ అనుభవంతో 2012లో రూపొందించిన నగర వన ప్రణాళికలో చెట్ల నీడ విస్తీర్ణాన్ని 22 శాతం నుండి 2040 నాటికి 40 శాతానికి పెంచాలని నిర్ణయించారు. నేలలో తేమను కాపాడటాన్ని కూడా లక్ష్యాలలో చేర్చారు.

చెట్టు రెండు విధాలుగా చల్లదనాన్ని కలిగిస్తుంది. నీడ వలన నేల, గోడలు వేడెక్కవు. బాష్పోత్సేకం వలన పరిసరాల వేడి నీటి ఆవిరిలోకి చేరుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.45 మెగాజౌళ్ల శక్తి అవసరం. నేలలో తేమ తగ్గినప్పుడు పత్రరంధ్రాలు మూసుకొంటాయి. అప్పుడు నీడ మిగులుతుంది కాని, రెండవ ప్రయోజనం దాదాపు లభించదు.

ఈ తేడా కంటికి కనిపించదు. దీనిని గుర్తించడానికి కాండంలో రెండు సూదుల వంటి సెన్సార్లను అమర్చుతారు. వాటిలో ఒకదానిని స్వల్పంగా వేడి చేస్తారు. దారువులో నీరు వేగంగా ప్రవహిస్తే ఆ వేడి కొట్టుకుపోయి, రెండింటి ఉష్ణోగ్రతల మధ్య తేడా తగ్గుతుంది. 1985లో గ్రానియర్ ప్రతిపాదించిన పద్ధతి ఇదే. ఈ కొలతలను నేల తేమ సెన్సార్ల కొలతలతో కలిపి పరిశీలించాలి. తేమ, ప్రవాహం రెండూ తగ్గితే చెట్టుకు నీరు అవసరమని భావించవచ్చు. తేమ ఉన్నా ప్రవాహం తగ్గితే పొడిగాలి ప్రభావాన్ని, వేళ్ల స్థితిని పరీక్షించాలి.

గాలి ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్లపై నేరుగా ఎండ పడరాదు. వాటిని గాలి ఆడే తెల్లని కవచంలో ఉంచి, చెట్టు కింద, ఆరుబయట ఒకే ఎత్తులో అమర్చాలి. లేనిచో ఎండకు వేడెక్కిన పరికరం చూపే తేడాను చెట్టు ఇచ్చిన చల్లదనంగా పొరబడే ప్రమాదం ఉంది. రాత్రివేళ దట్టమైన కొమ్మల కింద వేడి నిలిచిపోవచ్చు కనుక కొలతలు 24 గంటలూ తీసుకోవాలి.

పంటకు తడి ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించే శాస్త్రమే నగర వృక్షాలకూ వర్తిస్తుంది. నాటిన మొక్కల సంఖ్యతో పాటు, వేసవి మధ్యాహ్నం వాటి వేళ్లకు అందే నీటిని కూడా లెక్కించినప్పుడే నగరానికి ఆశించిన చల్లదనం లభిస్తుంది.